ఫ్యాను అటు తిప్పి కూర్చున్న చిన్నాయన

చిన్నాయన పోయిన కబురు నాకు మదనపల్లెలో, ప్రెస్సు మెట్ల మీద అందింది. అచ్చయిన పెండ్లి పత్రికల కట్ట చంకన పెట్టుకుని బస్టాండుకు బయలుదేరుతుంటే పుంగనూరు నుంచి మా పక్కింటాయన ఫోను చేశాడు. "మీ చిన్నాయన ఎంత పిలిసినా పలకల్లేదమ్మా. నువ్వు బస్సెక్కి వచ్చేయ్" అన్నాడు. ఆయన గొంతులోనే సంగతంతా తెలిసిపోయింది. మే నెల, ఎండ ఇంకా దిగని వేళ. బస్సులో నేను ఏడవలేదు. పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. ఎట్లా పోయి ఉంటాడో, ఏ గదిలో పోయి ఉంటాడో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇల్లు చేరేసరికి ఆయన్ను కిందికి దించి చాప మీద పడుకోబెట్టారు. ఊళ్ళో డాక్టరు వచ్చి చూసి, వేడికి గుండె తట్టుకోలేకపోయిందని చెప్పి వెళ్ళాడట. నేను ఆయన దగ్గర కూర్చోకుండా తిన్నగా మేడ మీదికి పోయాను. మేడ మీద రేకుల గది. అందులో ఆయన పాత కంప్యూటరు నడుస్తూనే ఉంది. పక్కన టేబుల్ ఫ్యాను తిరుగుతూనే ఉంది. దాని మొహం కంప్యూటరు వైపు ఉంది. కుర్చీ వైపు లేదు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఆగిన పై ఫ్యాను కూడా, ఇప్పుడు కరెంటొచ్చి, ఖాళీ కుర్చీ మీద గిరగిరా తిరుగుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం దిగలేదు. ఆయన గురించి మంచిమాటలు చాలానే చెబుతాను, చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. కానీ కోపంతోనే చెబుతాను.

ఆయన మా నాయనకు తమ్ముడు. పుంగనూరులో ఆ ఇంటి ముందు గదిలోనే మాది డీటీపీ దుకాణం. పెండ్లి పత్రికలు, జాతర కరపత్రాలు, రసీదు పుస్తకాలు, ఎన్నికలొస్తే వాటి కాగితాలు. టైపు నాది, యంత్రాలు ఆయనవి. పేజీ తయారుచేసి మదనపల్లె ప్రెస్సుకు తీసుకుపోవడం, అచ్చయ్యాక తేవడం కూడా నాదే. నాకు పెండ్లయినా, పిల్లలు పుట్టినా ఆ దుకాణం వదల్లేదు. ఆయనతో పోట్లాడని రోజు లేదు, ఆయన లేకుండా టీ తాగిన రోజూ లేదు.

ఆయనకు ప్రపంచంలో పడనిది ఒక్కటే, ఎదురుచూడడం. బస్టాపులో బస్సు కోసం నిలబడేవాడు కాదు, ఈలోగా అంటూ తర్వాతి స్టాపు దాకా నడిచేవాడు. అక్కడికి చేరేలోపల బస్సు ఆయన్ను దాటిపోయేది. అయినా మళ్ళీ నడిచేవాడు. అన్నం ఉడికిందా లేదా అని చిన్నమ్మ చూసేలోగా ఆయన కుక్కరు మూత మీద చెయ్యి పెట్టేవాడు. ఆయన వేళ్ళకు ఎప్పుడూ ఏదో ఒక కాలిన మచ్చ ఉండేది.

అలాంటి మనిషి చేతికి తొంభైల నడుమన ఆ కంప్యూటరు వచ్చింది. బెంగళూరులో ఏదో ప్రకటనల కంపెనీ మూతపడుతూ అమ్మిన సామాన్లలో దాన్ని కొన్నాడు. అప్పటికే అది పాతది. అయితే దాని కడుపులో ఎవరో ఇంకో కార్డు గుచ్చి పెట్టారు. ముసలి యంత్రానికి కొత్త ఊపిరి పోయడానికి పెట్టే కార్డు అది. అసలు ప్రాసెసరు బదులు ఆ కార్డు మీద ఉన్న ప్రాసెసరు పని చేస్తుంది, కాబట్టి వేగం పెరుగుతుంది. పెరిగినా మాకు చాలేది కాదు. చుట్టూ అంచు, పైన వినాయకుడు, కింద వరస పెట్టి బంధువుల పేర్లు ఉన్న పెండ్లి పత్రిక తెర మీదికి రావాలంటే, మీది నుంచి కిందికి గీతగీతగా దిగేది. ముహూర్తాల కాలంలో బెంచీ మీద కూర్చున్న పెండ్లివాళ్ళు తమ పేరు తెర మీద దిగేదాకా చూసి, ఇంటి పేరులో తప్పుందనేవాళ్ళు. తప్పు దిద్దితే మళ్ళీ మొదటి నుంచి గీతగీతగా దిగేది. వాళ్ళు ఓపికగానే కూర్చునేవాళ్ళు. ఓపిక లేనిది మా చిన్నాయనకే.

ఆయన కూతురికి, అంటే నా చెల్లెలికి, కుప్పం సంబంధం కుదిరింది అప్పుడే. సొంత బిడ్డ పెండ్లి పత్రిక అది. దాని కోసం ఆయన ఎన్ని అంచులు మార్చాడో, ఎన్ని వినాయకులను మార్చాడో. మార్చిన ప్రతిసారీ తెర ముందు కాళ్ళు ఆడిస్తూ కూర్చునేవాడు. పెండ్లి బాగా జరిగింది. పెండ్లయిన కొన్నాళ్ళకు ఆయన కూతురి ఇంటికని కుప్పం పోయి, అక్కడ రైలెక్కి బెంగళూరు పోయి, చేతిరుమాలులో ఏదో చుట్టుకుని వచ్చాడు. విప్పి చూస్తే చింతగింజ కంటే కాస్త పెద్దవి, రేకు డబ్బీల్లాంటివి, ఒక్కోదానికి నాలుగు కాళ్ళు. "బెంగుళూరు దాకా పోయి ఇవా తెచ్చేది?" అని చిన్నమ్మ నొచ్చుకుంది. ఆమె చీర తెస్తాడనుకుంది పాపం.

అవి క్రిస్టళ్ళు. ప్రాసెసరు ఎంత జోరుగా పని చేయాలో చెప్పేది అదే. కార్డు మీద ఉన్న క్రిస్టలుపై యాభై మెగాహెర్ట్జ్ అని రాసి ఉంది. ఈయన తెచ్చినవి అంతకంటే ఎక్కువవి. యాభైకని తయారైన ప్రాసెసరును అరవై దగ్గర నడపాలని ఆయన ఎత్తు. నాకు అర్థం కాలేదంటే ఆయన చెప్పిన మాట ఇది: "భజనలో తాళమేసేటోడు జోరు పెంచితే పాడేటోళ్ళు ఊరకుంటారామ్మే? వాళ్ళూ పెంచాల్సిందే. ఇదీ అంతే." మరి పాడేవాళ్ళ గొంతు పోతే అని అడిగాను. పోకుండా చూసుకోవడమే మన పని అన్నాడు. పాత క్రిస్టలును జాగ్రత్తగా ఊడదీసి, అది ఉన్న చోట గుచ్చి తీసుకునే సాకెట్టు అతికించి, అందులో కొత్తది పెట్టాడు. స్విచ్చి వేశాడు. చెల్లెలి పెండ్లి పత్రికనే తెరిచాడు. గీతగీతగా దిగేది కాస్తా, తెర మీద పరదా లాగినట్టు దిగింది. ఆయన లేచి నిలబడి నా వైపు, చిన్నమ్మ వైపు, బెంచీ మీద ఎవరో కూర్చుంటే వాళ్ళ వైపు కూడా చూశాడు. ఆ మొహం నేను మరచిపోలేను. మరచిపోదామన్నా కోపం వస్తుంది.

అప్పటి నుంచి ఏ క్రిస్టలు మార్చినా ఆయన పరీక్షకు తెరిచేది ఆ పత్రికనే. ప్రతి అంచూ, ప్రతి తోరణం ఆయనకు కంఠతానే. ఎక్కడైనా చుక్క తేడా వస్తే కనిపెట్టేవాడు.

వేగం పెరిగితే వేడి పెరుగుతుంది. ప్రాసెసరు మీద అల్యూమినియం రెక్కల పలక ఒకటి పెట్టాలి, రెంటికీ మధ్య వేడిని లాగే తెల్లటి లేపనం పూయాలి. పలక ఏదో పాత యాంప్లిఫయరులోంచి పీకాడు. లేపనం పుంగనూరులో దొరకలేదు, మదనపల్లెలో దొరకలేదు. ఆగుతాడా? ఆయుధపూజ రోజు. దుకాణంలో ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టడానికని చిన్నమ్మ గంధం అరగదీసి గిన్నెలో పెట్టింది. నేను పూలు తెచ్చేలోగా ఈయన గిన్నెడు గంధం తీసి ప్రాసెసరు మీద దట్టంగా మెత్తి, మీద పలక అదిమి పెట్టేశాడు. ఏమిటిదని అరిస్తే, "సందనం సలవ కదమ్మే" అన్నాడు. ఎంత నమ్మకంగా అన్నాడంటే, నాకే ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది. పూజ అయ్యింది, టెంకాయ కొట్టాం, యంత్రం బ్రహ్మాండంగా నడిచింది. తడి ఉన్నంతసేపు నడిచింది. తడి ఆరాక గంధం పొడిపొడిగా బీటలు వారి, జాతర కరపత్రం సగంలో ఉండగా తెర బిగుసుకుపోయింది. కమిటీ వాళ్ళు బెంచీ మీద. నేను ఆయన్ను అందరి ముందూ కడిగేశాను. ఆయన అగ్గిపుల్లతో గంధం గోకుతూ, తల వంచుకుని, లోలోపల నవ్వుకుంటున్నాడు.

ఎంత గోకినా సందుల్లో, కాళ్ళ మధ్య ఇరుక్కున్నది పోలేదు. ఆ తర్వాత బెంగళూరు నుంచి అసలు లేపనమే తెచ్చి పూశాడు. అయినా కార్డు మితిమీరి వేడెక్కినప్పుడల్లా గదిలో గంధం వాసన వచ్చేది. మాకు అదే గంట. వాసన వచ్చిందంటే నేను టైపు ఆపేదాన్ని, ఆయన విసనకర్ర తీసుకునేవాడు. ఈ గంధం సంగతి గుర్తుపెట్టుకోండి.

యంత్రం దగ్గర ఆయన పద్ధతి ఒకటి ఉండేది. జోరు పెంచి వదిలేసి పోయేవాడు కాదు. పక్కనే కూర్చునేవాడు. మధ్యమధ్య వేలి వెనక భాగంతో ఆ పలకను తాకి చూసేవాడు, జ్వరమొచ్చిన పిల్లల మెడ కింద చూస్తామే, అట్లా. "అది నోరు తెరిసి సెప్పదు, మనమే సెయ్యి పెట్టి సూడాల" అనేవాడు. ఇంకొక మాట పదేపదే అనేవాడు: "జోరు పెట్టినోడు పక్కన కూసోవాల." బిడ్డను ఈతకు దించినవాడు ఒడ్డున కూర్చోవాలన్నట్టు అనేవాడు. నాకు ఆ మాట నచ్చేది. మనిషి నచ్చేవాడు. పనిలో అంత బాధ్యత ఉన్నవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. బాధ్యతంతా ఆ డబ్బాకే పెట్టాడు, అదీ నా కడుపుమంట.

రెండు వేలు దాటాక దుకాణంలోకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. చెల్లెలి పత్రిక వాటిలో తెరిస్తే రెప్ప వేసేలోగా వచ్చేది. పాతదాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామన్నాను. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి, మేడ మీద రేకుల గదికి మోసుకుపోయాడు. మూత తీసి పెట్టి, ఏడాదికోసారి కాస్త కాస్త జోరు పెంచుకుంటూ పోయాడు. ఇప్పుడు దీనితో పనేముందని, యాల ఈ తంటా అని చిన్నమ్మ అడిగితే, "ఇన్నాళ్ళూ గిరాకీల కోసం పెంచినా. ఇప్పుడు నాకోసం పెంచుకుంటాండా" అన్నాడు. ఆమె మెట్లు దిగిపోయింది. మగవాళ్ళు పేకాట ఆడతారు, తాగుతారు. ఈయన మేడ మీద కూర్చుని ఒక కార్డుకు చెయ్యి ఆనించి చూసుకుంటాడు. పోనీలెమ్మనుకున్నాను.

ఆ పోనీలెమ్మనుకోవడం ఆయనకు బీపీ వచ్చేదాకా. ఒకసారి ఎండలో కళ్ళు తిరిగి పడితే, చెల్లెలు ఆయన్ను కుప్పం పిలిపించుకుని అక్కడి ఆసుపత్రిలో చూపించింది. నేనూ వెంట ఉన్నాను. డాక్టరు ఓపికగా చెప్పింది. గుండె బలహీనంగా ఉందనీ, వేడిలో కూర్చోకూడదనీ, రేకుల కింద అసలే వద్దనీ, గాలి తగిలే చోట ఉండాలనీ. ఈయన బుద్ధిమంతుడిలా తలూపి, అంతా విని, పలక మందం పెంచితే ప్రాసెసరు వేడి ఎంత తగ్గుతుందో ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. చెల్లెలు బజారుకు పోయి మంచి టేబుల్ ఫ్యాను కొని, మాతోపాటు బస్సులో ఎక్కించింది. "ఇది నీకు నాయనా. నీ డబ్బాకు కాదు" అని మాట తీసుకుని మరీ ఎక్కించింది. ఆయన ఆ ఫ్యానును పుంగనూరు దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు.

వచ్చీ రాగానే దాన్ని కంప్యూటరు వైపు తిప్పి పెట్టాడు.

నేను మేడ ఎక్కినప్పుడల్లా దాని మెడ పట్టుకుని కుర్చీ వైపు తిప్పేదాన్ని. నేను మెట్లు దిగేలోగా మళ్ళీ అటు తిరిగేది. పైన ఇంకో ఫ్యాను ఉంది కదా అనేవాడు. కరెంటు పోతే? కరెంటు పోతే ఇన్వర్టరు ఉందిగా అనేవాడు. ఆ ఇన్వర్టరుకు ఏమేమి కలిపాడో తెలుసా? కంప్యూటరు, ఈ టేబుల్ ఫ్యాను. అంతే. పై ఫ్యాను కలిపితే బ్యాటరీ తొందరగా అయిపోయి కంప్యూటరు ఆగుతుందట. మా ఊళ్ళో వేసవిలో మధ్యాహ్నం కరెంటు ఉండదని చిన్నపిల్లాడికీ తెలుసు. ఈయనకు తెలియదా? తెలిసే అట్లా తీగలు లాగాడు. నేను చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఒకరోజు నిజంగా గొంతు చించుకుని అరిచాను. నీ ఒంటి మీద ఎవరు చెయ్యి పెట్టి చూడాల అని అడిగాను. ఆయన సొరుగులోంచి వక్కాకు వేసుకునే రోజుల నాటి సున్నం డబ్బీ తీసి మూత తెరిచాడు. దూదిలో పాత క్రిస్టలు ఉంది, యాభైది.

"నేను లేనినాడు ఇది ఎయ్యి. మూడు మూలలు గుండ్రంగా ఉంటాయి, ఒకటి సూటిగా ఉంటాది. ఆ సూటి మూల తెల్ల గుర్తు కాడికి రావాల. ఇది ఎస్తే దానికి ఫ్యాను అక్కర్లేదు, పక్కన మనిషీ అక్కర్లేదు. నువ్వు మాత్రం ఈడ కూసోవద్దు" అన్నాడు.

అంటే అంతా తెలుసు. తను చేస్తున్నది ఏమిటో తెలుసు, అది మరొకరు చేయకూడదనీ తెలుసు. ఇంతకంటే కోపం తెప్పించే మాట ఎవరైనా అంటారా? నేను ఆ డబ్బీని ఆయన ముందు విసిరికొట్టి దిగిపోయాను. మరునాడు చూస్తే మళ్ళీ సొరుగులోనే, నా చేతికి అందే పక్కనే పెట్టి ఉంది.

ఆ మేలో ఆయన కొత్త క్రిస్టలు వేశాడు. అంతకుముందు ఎప్పుడూ నిలబడని జోరు అది, అంతకు ఎప్పుడు పెంచినా కాసేపటికి తెర బిగుసుకునేది. ఆ రోజు పొద్దున మొదలుపెట్టాడు. చెల్లెలి పత్రికను తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం యంత్రమే చేసుకునేట్టు పెట్టి, పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే, కరెంటు పోయింది, ఈ వేడిలో నిలబడితేనే లెక్క, దిగి రాలేనన్నాడట. చిన్నమ్మ మజ్జిగ తీసుకుని పోయేసరికి తల వెనక్కి వాల్చి ఉన్నాడు. తువ్వాలు తడిసి ముద్దయి కుర్చీ వెనక ఉంది. ఫ్యాను అటు తిరుగుతోంది.

మరునాడు కుప్పం నుంచి చెల్లెలు వచ్చాక తీసుకుపోయారు. వచ్చినవాళ్ళందరూ ఒకే మాట. పని చేస్తూ చేస్తూ పోయాడు, అదృష్టవంతుడు, మంచానపడి ఎవరితోనూ చేయించుకోలేదు. వినీ వినీ నాకు చెవులు మూసుకోవాలనిపించింది. అదృష్టమా? కూతురు కొనిచ్చిన ఫ్యాను మూరెడు దూరంలో ఉండగా ఉక్కకు పోయినవాడిది అదృష్టమా?

మా వైపు ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, దినాలు అయ్యేదాకా ఆరకుండా చూసుకుంటాం. మా దాయాదుల్లో ఒక పెద్దాయన ఉన్నాడు, పెండ్లికీ చావుకూ ముందు నిలబడి పద్ధతులు చెప్పే మనిషి. ఆయన దగ్గరుండి రేకుల గదిలో, కుర్చీ ముందర, పళ్ళెంలో బియ్యం పోసి ప్రమిద పెట్టించాడు. కంప్యూటరు ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన పోయినప్పటి నుంచి దాన్ని ఎవరినీ ఆపనివ్వలేదు చిన్నమ్మ. పై ఫ్యాను ఆపారు గానీ టేబుల్ ఫ్యాను తిరుగుతూనే ఉంది. దీపం పెట్టగానే ఫ్యాను గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించారు, మళ్ళీ ఆరింది. డబ్బా మూత అడ్డం పెట్టారు. చిన్న గది, గాలి గోడకు కొట్టి తిరిగొచ్చి ఆర్పేసింది. దీపం ఆరితే అరిష్టమని పెద్దాయన ఫ్యాను ఆపించేశాడు.

నేను అప్పుడు కింద వంట దగ్గర ఉన్నాను. పొద్దు గూకుతుండగా మేడ మీది నుంచి మాటలు గట్టిగా వినిపిస్తే ఎక్కి వెళ్ళాను. గది నిండా జనం. కొందరు చేతులు జోడించి నిలబడ్డారు. గుమ్మం దగ్గరే నాకు తగిలింది, గంధం వాసన. కమ్మగా, చిక్కగా, గదంతా.

"సూస్తిరా, ఎవురూ ఊదుబత్తి గూడా పెట్టలేదు, సందనం వాసన ఎట్ల వస్తాండాదో" అంటున్నాడు పెద్దాయన. "పుణ్యాత్ముడప్పా. ఈడనే ఉండాడు."

నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. అందర్నీ తోసుకుంటూ పోయి, ఆయన చేసినట్టే వేలి వెనక భాగంతో ఆ పలకను తాకాను. చురుక్కుమని కాలింది. ఫ్యాను స్విచ్చి వేశాను. దీపం ఆరిపోయింది. వెనక అందరూ ఒక్కసారి అయ్యో అన్నారు. ఏం పిల్లవమ్మా, బుద్ధుందా అని పెద్దాయన గద్దించాడు.

"అది ఆత్మ కాదు పెద్దాయనా. కార్డు కాల్తాండాది" అన్నాను. ఇంకా చాలా అన్నాను. బతికున్నప్పుడు ఈ గదిలో ఎట్లా కూర్చుంటావని అడగని వాళ్ళు, ఇప్పుడు దీపానికి గాలి తగలకూడదని నాకు చెప్పనక్కర్లేదన్నాను. పెద్దవాళ్ళతో అట్లా మాట్లాడకూడదు, మాట్లాడాను. అందరూ కిందికి దిగిపోయారు. చిన్నమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

దీపం నిలవాలంటే ఫ్యాను ఉండకూడదు. ఫ్యాను లేకపోతే కార్డు కాలిపోతుంది. అయితే యంత్రం ఆపేద్దామని స్విచ్చి మీద చెయ్యి వేశాను. చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. అప్పటిదాకా ఆమె ఏడవలేదు.

"ఆపొద్దు" అంది. "నిన్న పొద్దున కాఫీ ఇస్తే ఏమన్నాడో తెల్సా? సాయంత్రం దాకా ఇది ఆగకుండా నడిస్తే నేను గెలిసినట్లే అన్నాడు. గెలిసినాడో లేదో సూసుకోకుండానే పాయ. నేనెట్ల ఆపేది?"

కిటికీలోంచి బయటికి చూపించాను.

"నిన్న సాయంత్రం ఎప్పుడో దాటిపాయ చిన్నమ్మా. రాత్రంతా నడిసింది. ఈ పొద్దూ నడిసింది. ఆయన గెలిసినాడు."

ఆమె తెర వైపు చాలాసేపు చూసింది. పత్రిక తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మళ్ళీ తెరుచుకుంటోంది, పరదా లాగినట్టు. అప్పుడు సొరుగులోంచి సున్నం డబ్బీ తీసి, ఆయన నాకు చెప్పినదంతా చెప్పాను. ఆయన మాట విని ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు పక్కకు జరుగు. ఆపేది నేనే ఆపుతా" అంది. ఇన్నేళ్ళలో ఆమె ఆ యంత్రాన్ని ముట్టుకోవడం అదే మొదలు. స్విచ్చి ఎక్కడో నేను చూపించాను. తెర మీద తన బిడ్డ పేరు పూర్తిగా వచ్చేదాకా ఆగి, అప్పుడు నొక్కింది.

కార్డు కాస్త చల్లారాక కొత్త క్రిస్టలు పీకి, పాతది పెట్టాను. మూడు గుండ్రటి మూలలు, ఒకటి సూటిది. సూటి మూల తెల్ల గుర్తు దగ్గరికి. మళ్ళీ ఆన్ చేసి పత్రిక తెరిచాను. ఫ్యాను ఆపేశాను. చిన్నమ్మ దీపం వెలిగించింది.

మీది అంచు వచ్చింది. తర్వాత తోరణం. వినాయకుడి కిరీటం వచ్చింది, చెవులు వచ్చాయి, తొండం సగం వచ్చింది. గీతగీతగా, అప్పటిలాగే. చిన్నమ్మ నేల మీద కూర్చుని చూస్తోంది. పేర్లు దిగడానికి ఇంకా చాలాసేపు పట్టేట్టుంది.

"ఇది ఇంత నిదానంగా ఉన్నప్పుడే కదా బిడ్డ పెండ్లి సేసినాం" అంది. "యామి తక్కువాయ? యాల ఈ మనిషికి అంత తొందర?"

దీపం కదలకుండా నిలబడింది. వేలితో పలకను తాకి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

దినాలు అయ్యేదాకా అది అట్లాగే నడిచింది, ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు, ఒక్కసారీ గంధం వాసన రాలేదు. దీపమూ ఆరలేదు. పెద్దాయన నాతో మాట్లాడడం మానేశాడు, మానేయనీ. దినాలనాడు విస్తర్లు ఎత్తాక చెల్లెలు మేడ మీదికి వచ్చి, తను కొన్న ఫ్యానును చూస్తూ నిలబడింది. ఎటు తిరిగి ఉండేదని అడిగింది. నేను చెప్పలేదు. ఆమెకూ తెలిసే అడిగింది.

ఇప్పటికీ దుకాణం నడుపుతున్నాను. ఏదైనా పని కొత్త కంప్యూటర్లలో చటుక్కున అయిపోతే ఆయన గుర్తొస్తాడు, తిట్టుకుంటాను. నాకు చేతిలో పనిని చెయ్యి పెట్టి చూడడం నేర్పినవాడు ఆయన. జోరు పెట్టినవాడు పక్కన కూర్చోవాలని నేర్పినవాడు ఆయన. నేను ఏ పేజీనీ చూసుకోకుండా ప్రెస్సుకు పంపనంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఈ మాట ఆయన ముందు ఎప్పుడూ అనలేదు, ఆయన అననిస్తేగా, ఫ్యాను దగ్గరే సగం జీవితం పోట్లాడుకున్నాం.

దీపం తీసేసిన రోజు సాయంత్రం నేను ఒక్కదాన్నే పైకి వెళ్ళాను. యంత్రం ఆపి, మూత మూసి, గుడ్డ కప్పాను. ఫ్యాను మెడ పట్టుకుని కుర్చీ వైపు తిప్పి, మళ్ళీ స్విచ్చి వేశాను. ఈసారి నేను మెట్లు దిగినా అది అటు తిరగలేదు. ఇన్వర్టరు తీగలు ఆయన లాగినవే, మార్చలేదు, స్విచ్చి ఆపలేదు. మధ్యాహ్నం కరెంటు పోయి మిగతా ఫ్యాన్లన్నీ ఆగినప్పుడు కింద దుకాణంలో కూర్చుంటే తెలుస్తుంది, పైన రేకుల గదిలో ఆ ఒక్క ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఒకటి రెండుసార్లు ఎక్కి చూశాను కూడా. కుర్చీ వెనక ఆయన తువ్వాలు, ఎండి బిగుసుకుపోయినది, దాని అంచు ఆ గాలికి లేస్తూ పడుతూ ఉంటుంది.